ఇశ్వాసం లేనోడు

"లేదు" అన్నాడు కాటమయ్య.

రత్నాకర్ అయ్యగారు చేతిలోకి తీసుకున్న రొట్టె ముక్కను తిరిగి పళ్లెంలో పెట్టాడు. తనకే సరిగా వినపడలేదేమో అనుకున్నాడు. కుర్చీని మంచానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

"తాతా, ఇంకొక్కసారి అడుగుతున్న. నీకు ప్రభువు మీద విశ్వాసం ఉన్నదా?"

"లేదని చెప్పిన గద అయ్యగారూ. నాకు ఇశ్వాసం లేదు."

ఫ్యాను గాలికి స్టూలు మీది తెల్లగుడ్డ అంచు లేచి పడుతున్నది. గుడ్డ మీద రొట్టె పళ్లెం, ద్రాక్షరసం పోసిన గిన్నె. గిన్నె మూత తీసే ఉంది.

సత్తమ్మ మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. సాయంత్రానికి కారు వస్తుంది. రేపు హైదరాబాదు దవాఖానలో ఆమె పెనిమిటికి గుండె ఆపరేషను. కత్తి కిందికి పోయేముందు ఆయన నోట్లో ప్రభు భోజనం పడాలని ఆమె పట్టుబట్టింది. పడకుంటే కారు ఎక్కనియ్యనన్నది.

అయ్యగారు ఒప్పుకున్నాడు. ఒప్పుకోనివాడు కొడుకు జెకర్యా. వానాకాలంలో చెరువు కట్ట మీది మైసమ్మకు కోడిని కోశాడని తండ్రిని ప్రభు భోజనానికి దూరం పెట్టించింది అతనే. లూథరన్ గుడికి సంఘ పెద్ద కాబట్టి పెట్టించగలిగాడు. నిన్న తల్లి ఏడుపు చూడలేక ఒక మెట్టు దిగాడు. దిగి, ఒక్క షరతు పెట్టాడు. విశ్వాసం ఉన్నదా అని అడగండి, ఉన్నదని నోటితో అంటే గిన్నె నేనే పడతా అన్నాడు. వాళ్ల గుడిలో రొట్టె అయ్యగారు ఇస్తే, గిన్నె సంఘ పెద్ద పడతాడు.

అడగడం పేరుకే అని అయ్యగారు అనుకున్నాడు. సత్తమ్మా అట్లాగే అనుకుంది. నిజం చెప్పాలంటే జెకర్యా కూడా అట్లాగే అనుకున్నాడు.

"ఏం మాటలయ్యా అవి" అన్నది సత్తమ్మ. "ఉన్నది అను. ఒక్క మాటకు నోరు నొస్తదా?"

"లేనిదాన్ని ఉన్నదని ఎట్లంటనే. ఆ దేవుని ముంగటనే అబద్ధమాడుమంటవా?"

"డాక్టరు ముంగట ఆడలేదా, బీడీ మానేసిన అని?"

"డాక్టరు వేరు."

వంటింటి గడపలో కోడలు ఉమారాణి నీళ్ల చెంబు పట్టుకుని నిలబడింది. అయ్యగారి కోసం తెచ్చింది. తెచ్చి, గడప దాటలేదు.

జెకర్యా తలుపు దగ్గర గోడకు ఆనుకుని ఉన్నాడు. తండ్రి ముఖం చూడకుండా, మంచం కింద ఉన్న చెప్పులు చూస్తున్నాడు. అయ్యగారు గిన్నె మీద మూత పెట్టాడు. ఆ చిన్న చప్పుడుకు సత్తమ్మ కళ్లు మూసుకుంది.

*

వసారాలో పత్తి కుప్ప పోసి ఉంది. దాని పక్కనే అయ్యగారూ జెకర్యా నిలబడ్డారు. జెకర్యా అన్నమాటే నెగ్గింది. నెగ్గినవాడి ముఖంలా లేదు అతనిది.

"చూసిన్రా అయ్యగారూ. కొడుకు తండ్రి మీద పగబట్టిండని ఊరోళ్లు నన్నన్నరు. ఇప్పుడు ఆయన నోటితోనే ఆయన చెప్పిండు."

"నాకు సమజైతలేదు జెకర్యన్నా. కట్టమైసమ్మకు కోడిని కోసినా తాతకు విశ్వాసం పోలేదనే గద నీతోని ఇన్నినాళ్లు కొట్లాడిన. మనిషిని నీతిమంతునిగ తీర్చేది పనులు కాదు, విశ్వాసం ఒక్కటే అని. ఇప్పుడు ఆ ఒక్కటే లేదంటున్నడు."

"అంటె మీ తీరున సుత ఇయ్యరాదు."

చిక్కు అక్కడే ఉంది. ఇవ్వకూడదన్నవాడి వాదంతోనూ ఇవ్వకూడదు. ఇవ్వాలన్నవాడి వాదంతోనూ ఇవ్వకూడదు. మరి ఇస్తే బాగుండునని ఇద్దరికీ ఎందుకనిపిస్తున్నదో ఇద్దరికీ తెలియలేదు.

జెకర్యా ఆర్టీసీలో కండక్టరు. ఏ సంగతి ఎత్తినా చివరికి బస్సులోకి ఎక్కిస్తాడు.

"ఇప్పుడు మా బస్సుల ఆడోళ్లకు కిరాయి లేదు. అయినా టికెట్ కొట్టాలె. జీరో టికెట్. అది చేతుల లేకుంటె చెకింగోళ్లు ఊకోరు. ఉత్తగ ఇచ్చేదాన్ని సుత తీసుకునే చెయ్యి ఒకటి ఉండాలె అయ్యగారూ."

"నేను చెప్పేది గదే. ఆ తీసుకునే చెయ్యే విశ్వాసం."

"మరి తీసుకున్నంక? టికెట్ జేబుల పెట్టుకొని మధ్యల దిగి, ఇంకో బండి ఎక్కినోడు నా బండి మనిషేనా?"

"దిగినంత మాత్రాన టికెట్ చిరిగిపోదు గద."

"బండి పోతది గద."

లోపలి నుంచి సత్తమ్మ గొంతు వినిపించింది. "మీ బస్సు పాడుగాను. మనిషి మంచంల ఉన్నడు ఈడ."

ఇద్దరూ గొంతు తగ్గించారు.

"సూర్యాపేట సదస్సుల సుత గిదే లొల్లి" అన్నాడు జెకర్యా. "ఒకాయన విశ్వాసమంటె నమ్ముడు అన్నడు. ఇంకొకాయన కాదు, నమ్మకంగ ఉండుడు అన్నడు. మూడో ఆయన లేచి, అది మన విశ్వాసమే కాదు, క్రీస్తు విశ్వాసం అన్నడు. అన్నాలు తిని వచ్చినం. ఏం తేల్చలె."

"అది తేలేది కాదన్నా. మూలభాషల ఆ మాటను రెండు మూడు తీర్ల చదవొచ్చు."

"చదువుర్రి. మా నాయినకు ఏ తీరున ఇయ్యాలె, అది చెప్పుర్రి."

ఉమారాణి టీ తెచ్చింది. ఆమె పుట్టపాక వైపు మగ్గాల ఇంటి పిల్ల. జెకర్యాను చేసుకునేందుకు బాప్తీస్మం తీసుకుంది. గుడిలో పాటకు ముందుంటుంది గాని, పెద్దవాళ్ల వాదంలోకి ఎప్పుడూ రాలేదు. గ్లాసులు ఇచ్చి లోపలికి పోలేదు.

"అయ్యగారూ, ఒకటి అడగనా. మామ లేదన్నది ఏ విశ్వాసం?"

"విశ్వాసాలు ఎన్ని ఉంటయమ్మా?"

"గుడి మాట తెల్వకముందు మా ఇంట్ల ఆ మాట కుక్కను అంటుంటిమి. తిన్న ఇల్లు ఇడిసిపెట్టకుంట ఉంటె ఇశ్వాసమున్న కుక్క అని. బాప్తీస్మమప్పుడు ముందటి అయ్యగారు నన్ను విశ్వాసమున్నదా అనడిగితె నేను గదే అనుకున్న. ఈ ఇల్లు ఇడిసిపెట్టి పోవు గద అని అడుగుతున్నరనుకొని, ఉన్నదన్న."

జెకర్యా భార్య వైపు తిరిగాడు. కూతురు అక్షిత ఇంత పెద్దదయ్యాక, ఈ సంగతి అతను ఇప్పుడే వింటున్నాడు.

"అంటె నీ బాప్తీస్మం..." అని ఆగాడు.

"తర్వాత తెలుసుకున్నలే. నన్ను సుత సంఘంల నుంచి తియ్యకు."

నవ్వుతూనే అన్నది. నవ్వు సగంలోనే పోయింది.

అయ్యగారు గ్లాసును పిట్టగోడ మీద పెట్టాడు. "మా అవ్వ సుత ఇశ్వాసమనే అంటది" అన్నాడు నెమ్మదిగా. "బర్రెను అంటది. నన్ను సుత అంటది, పండుగకు పోకపోతె. నేను గుడిల నిలబడితె ఆ మాట నాకు వేరేగ వినపడ్డది."

*

మళ్లీ అందరూ మంచం దగ్గరికి వచ్చారు. కాటమయ్య దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. సత్తమ్మ అతని మెడ దగ్గర గుండీలు పెడుతున్నది. ప్రయాణం అంగీ అది.

"తాతా, ఇశ్వాసం లేదంటివి. ఇశ్వాసమంటె ఏంది నీ లెక్కల?"

కాటమయ్యకు ఆ ప్రశ్న వింతగా తోచింది. గుడిలో చెప్పే మనిషి తనను అడుగుతున్నాడు.

"ఏమున్నదయ్యగారూ. నేను దొరకాడ జీతమున్న. మా నాయిన సచ్చిననాడు సుత చేనుకు నీళ్లు మల్పి, అటెన్క పీనుగకాడికి పోయిన. దొర నలుగురిల అన్నడు. కాటడు ఇశ్వాసమున్నోడు అని. గా మాట మోసుకొని బతికిన. గుడిల కలిసినంక, ఇగ దేవుడే దొర అనుకున్న. ఆయనకాడ సుత గట్లనే ఉండాలె గద. ఉండలె. మైసమ్మకాడికి పోయిన. అందుకే లేదంటున్న. దాంట్ల దాసేదేమున్నది?"

అయ్యగారి ముఖం విప్పారింది. "నమ్ముతవా మరి? ప్రభువును నమ్ముతవా?"

"నమ్మకుంటె గుడికెందుకొస్తుంటి. ఆయన ఉన్నడు. నేను నిలబడలె. గది వేరే, గిది వేరే."

"విన్నవా జెకర్యన్నా. నమ్ముతున్నడు. అడిగిన మాటే వేరే తీరుగ పోయింది."

"వేరే తీరుగ ఏడ పోయిందయ్యగారూ" అన్నాడు జెకర్యా. "నేను మొదటిసంది చెప్తున్నది నాయిన ఇప్పుడు చెప్పిండు. నమ్మితె సాలదు, నిలబడాలె అని."

"వాడు చెప్పింది కరెక్టే" అన్నాడు కాటమయ్య.

వానాకాలం తర్వాత కొడుకు గురించి అతను అన్న మొదటి మాట అది. సత్తమ్మ చెయ్యి గుండీ దగ్గర ఆగింది. జెకర్యా ఇన్ని నెలలు ఎదురుచూసింది ఆ మాట కోసమే. తీరా వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తోచలేదు.

అయ్యగారు ముందుకు వంగాడు. "కాదు తాతా. ఇగో విను. నువ్వు ఆయనకు ఇశ్వాసంగ ఉన్నవా లేవా అని కాదు. ఆయన నీకు ఇశ్వాసంగ ఉన్నడు. నువ్వు తప్పినా ఆయన తప్పలె. మనల్ని నిలబెట్టేది ఆయన ఇశ్వాసం."

కాటమయ్యకు నవ్వు లాంటిది ఒకటి వచ్చి దగ్గయింది. సత్తమ్మ వీపు నిమిరింది.

"దొర జీతగానికి ఇశ్వాసంగ ఉంటడా అయ్యగారూ? ఏడనన్న ఉన్నదా గది? మా దొర మంచోడే. చెడ్డోడు కాదు. నా కాలు ఇరిగిననాడు దవాఖానకు బండి కట్టించిండు. మల్లనాటికి ఇంకొకన్ని పెట్టుకున్నడు."

అయ్యగారు గుడిలో ఈ సంగతి మీద ఎన్నోసార్లు చెప్పాడు. జనం తలలు ఊపారు. ఒక్కడూ దొరను మధ్యలోకి తేలేదు.

"ఈయన గసొంటి దొర కాదు" అన్నాడు చివరికి.

"కావచ్చు. నాకు తెల్వదు."

పెరట్లో మేక అరిచింది. సత్తమ్మ వాకిలి వైపు ఎండ చూసింది. ఎండ వసారా దిగుతున్నది.

"మీ ముచ్చట్లకు తెల్లారుతది" అన్నది. "జర ఆ మూత తియ్యుర్రి అయ్యగారూ. నమ్ముతున్ననన్నడు గద. ఇంకేం గావాలె?"

"తప్పయిందని ఒక్కమాట అంటె చాలు నాకు" అన్నాడు జెకర్యా. అతని గొంతులో కండక్టరు లేడు, సంఘ పెద్ద లేడు. "మైసమ్మకాడికి పోవుడు తప్పయిందని అను నాయినా. నేనే గిన్నె పడత. ఎవలేమన్నా నేను జూసుకుంట."

"అనను."

"నాయినా."

"పిల్ల బతికింది. మల్ల పొమ్మంటె మల్ల పోత."

జెకర్యా తల ఎత్తాడు.

"ఎవలు పొమ్మన్నరు?"

కాటమయ్య దిండు మీద తల గోడ వైపు తిప్పుకున్నాడు. సత్తమ్మ పెనిమిటిని చూసింది, కొడుకును చూసింది, ఏమీ అంతుపట్టక మళ్లీ పెనిమిటిని చూసింది.

"ఎవలు పొమ్మన్నరు నాయినా?"

"ఎవలు లేరు. నేనే పోయిన. అప్పుడు సుత గదే చెప్పిన."

"నేను" అన్నది ఉమారాణి.

ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. చేతిలో ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుంది.

"నేను పొమ్మన్న. అక్షితకు డెంగీ అయ్యి, నల్గొండ దవాఖానల రక్తం ఎక్కించుకుంట ఉంటె, కణాలు ఇంకా పడిపోతున్నయని డాక్టరమ్మ అన్నది గద. నువ్వు డ్యూటీల ఉంటివి. గుడిల అందరు ప్రార్థన చేస్తుండిరి. నేను సుత చేసిన. చేసి సుత నాకు ధైర్నం రాలె. మా అమ్మ చేసేది యాదికొచ్చింది. మామ కాళ్లు పట్టుకున్న. కట్టమీదికి పోయి కోడినిచ్చి రా అన్న. ఆయన పోనన్నడు. ఏడ్చిన. పోయిండు."

"నిన్నెవలడిగిన్రు బిడ్డా" అన్నాడు కాటమయ్య గోడ వైపు నుంచే. "నీ పేరు రానియ్యనని మాటిచ్చిన గద. ఎందుకు చెడగొడితివి?"

"నువ్వు నాకు ఇశ్వాసం లేదు లేదంటుంటె ఎట్ల ఊకుంట మామా."

సత్తమ్మ చెయ్యి నోటి మీదికి పోయింది.

జెకర్యా లోపల ఒకటే తిరుగుతున్నది. నెలనెలా మొదటి ఆదివారం ఉమారాణి మోకాళ్ల మీద ఉంటుంది. అయ్యగారు రొట్టె ఇస్తాడు. గిన్నె ఆమె పెదవికి తాకించేది తను. ఆమె కళ్ల నిండా నీళ్లుండేవి. పిల్ల బతికినందుకు కృతజ్ఞత అనుకున్నాడు. అప్పుడు తండ్రి బయట, చెప్పులు విడిచేచోట కూర్చుని ఉండేవాడు. లోపలికి రాడు. ఇంటికీ పోడు. పాట అయిపోయేదాకా అక్కడే ఉండేవాడు.

ఆ చెప్పులు ఇప్పుడు మంచం కింద ఉన్నాయి.

"ఇగ ఆమెను సుత ఆపుతవా?" అని అడిగింది సత్తమ్మ. దెప్పడానికి అడగలేదు. ఆమెకు నిజంగానే తెలియదు.

"చెప్పుర్రి అయ్యగారూ" అన్నాడు జెకర్యా.

అయ్యగారు గిన్నె మూత తీశాడు. తీసి, తాను పట్టుకోలేదు. "నువ్వు పట్టు జెకర్యన్నా."

"ఎవలకు?"

"ముందు పట్టు."

"ఆమెకు ఆపేటట్లయితె నాకు వద్దు" అన్నాడు కాటమయ్య. "ఇప్పుడే చెప్తున్న."

జెకర్యా గిన్నె అందుకున్నాడు. మంచానికి ఒకవైపు తండ్రి తల. ఇంకొకవైపు భార్య. తండ్రికి పడితే, వానాకాలం నుంచి తను చేసిందంతా ఏమిటి? పట్టకపోతే, భార్యకు పట్టిందంతా ఏమిటి? అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు రొట్టె ముక్క పట్టుకుని, తనకూ తెలియదన్నట్టు జెకర్యానే చూస్తున్నాడు.

కాటమయ్య గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. కొడుకును తేరిపార చూశాడు. ముఖంలో కోపం లేదు. దారి అడిగేవాడి ముఖంలా ఉంది.

"ఒరేయ్ జెకరీ. ఇంతసేపు నన్నడిగిన్రు. నీకున్నదార ఇశ్వాసం?"

జెకర్యా నోట్లో జవాబు ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంది. చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం నిలబడి చెప్పిన జవాబు. విశ్వాసం ఉన్నదా అంటే, ఉన్నది. కాని తండ్రి అడిగింది ఆ మాటతో కాదు.

ఏ విశ్వాసం నాయినా అని అడగబోయాడు. చేతిలో గిన్నె ఒరిగి, రసం అంచు దాకా వచ్చి ఆగింది.

బయట కారు హారన్ మోగింది.